చద్దిమూట సామెతలోనేనా?

ఐదో తరగతిలో సామెతలు చెప్పిన వారంలోనే పిల్లల్ని కంభం చెరువు కట్ట మీదికి తీసుకుపోయాం. విజయనగర రాజుల కాలం నాటి చెరువు. 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడంగా గుర్తింపు పొందింది. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చూస్తుంటే పక్కనే ఉన్న మన పిల్లలు చూడకపోతే ఎలా అనుకున్నాం. ముందురోజు సాయంత్రం బడి వదిలేటప్పుడు పిల్లలతో ఒక మాటన్నాం. "రేపు మధ్యాహ్నానికి ఇంటి నుంచి ఏమన్నా మంచి తిండి తెచ్చుకోండి."

ఆ "మంచి" అన్న మాట ఎంత పని చేస్తుందో అప్పుడు మాకు తెలియలేదు.

మధ్యాహ్నం చెట్ల నీడన అందరినీ కూర్చోబెట్టాం. సంచుల్లోంచి చిప్స్ ప్యాకెట్లు, క్రీము బిస్కెట్లు, కేకు ముక్కలు బయటికొచ్చాయి. ఇద్దరి డబ్బాల్లో పొద్దున వేడినీళ్ళలో ఉడికించుకొచ్చిన నూడుల్స్ ముద్దకట్టి ఉన్నాయి. గూడెం నుంచి వచ్చే ఒక పాప మాత్రం అందరికీ వీపు చేసి కూర్చుంది. డబ్బా మూత పూర్తిగా తీయలేదు. సగం మూత కిందికి చెయ్యి పోనిచ్చి, తుంచుకుని, గబగబా నోట్లో పెట్టుకుంటోంది. జొన్నరొట్టె, గోంగూర పచ్చడి. పక్కనున్న పిల్ల తొంగిచూసి, "ఏందే, ఇక్కడికి గూడా రొట్టేనా?" అంది. నలుగురూ నవ్వారు. పాప మూత పెట్టేసింది. మళ్ళీ తీయలేదు.

మూడు రోజుల తర్వాత "మేము చెరువు చూసిన రోజు" అని పిల్లల చేత రాయించాం. ఆ పాప రాసింది: "నేను బిస్కట్లు తిన్నాను." మేం ఎర్ర పెన్నుతో "బిస్కెట్లు" అని దిద్ది, కింద టిక్కు పెట్టాం. తప్పు ఎక్కడుందో మాకు అప్పుడు కనపడలేదు.

అదే నోటుబుక్కులో నాలుగు పేజీల ముందు, అదే పాప గుండ్రటి అక్షరాలతో రాసిన సామెత ఉంది. పెద్దల మాట చద్దిమూట. దారిలో చద్దిమూట ఆకలి తీర్చినట్టు పెద్దల మాట కష్టకాలంలో అక్కరకొస్తుందని మేం రాయించిన అర్థమూ ఉంది. సామెతలోని చద్దిమూటకు మార్కులు వేశాం. నిజంగా చెరువు కట్ట మీదికి వచ్చిన చద్దిమూట నవ్వులపాలవుతుంటే చూస్తూ కూర్చున్నాం.

ఈ వ్యాసం ఆ పాప మీద విమర్శ కాదు. నవ్విన పిల్లల మీద కూడా కాదు. ముందుగా మా మీద మేం చేసుకుంటున్న విమర్శ. మేమంటే కంభం, మార్కాపురం, గిద్దలూరు వైపు బళ్ళలో పాఠాలు చెప్పుకుంటున్న గిరిజన ఉపాధ్యాయులం. మాలో చెంచులున్నారు, ఎరుకలున్నారు, యానాదులున్నారు, సుగాలీలున్నారు. తెగలు వేరు, ఇంటి మాటలు వేరు, వంటలూ వేరు. డబ్బా మూత సగమే తీసి తిన్న అనుభవం మాత్రం మాలో చాలామందికి ఉంది. టీచర్ ట్రైనింగ్ చదివే రోజుల్లో సెలవులకు ఇంటికి పోయి తిరిగొచ్చేటప్పుడు అమ్మ మూటగట్టిన రొట్టెలు బస్సులోనే తినేసి, ఖాళీ గుడ్డ మడిచి సంచి అడుగున దాచి, ఏమీ తేనట్టు హాస్టల్లో అడుగుపెట్టినవాళ్ళం మేం. ఆ గుడ్డను మేమింకా సంచి అడుగునే దాస్తున్నామని చెరువు కట్ట మీద ఆ పాప గుర్తుచేసింది.

ఇప్పటి యువత పరిస్థితి ఇంకొంచెం ఇబ్బంది. మార్కాపురంలోనో ఒంగోలులోనో కాలేజీకో కోచింగుకో పోయినవాళ్ళు సాయంత్రమైతే నలుగురూ కలిసి ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర చేరతారు. అందులో ఒకరు "నేను రూములో వండుకున్నా, అక్కడే తింటా" అన్నారనుకోండి. మొదటి ప్రశ్న, డబ్బుల్లేవా? రెండోది, ఆరోగ్యం పిచ్చి పట్టిందా? ఈ రెండూ ఎవరినైనా అడుగుతారు. మూడో ప్రశ్న మాత్రం మన పిల్లలకే వస్తుంది: "మీవాళ్ళు ఇంకా అవే తింటారా?"

ఆ "మీవాళ్ళు" అన్న మాట దగ్గర ఆగి ఆలోచించాలి. పట్నం పిల్లవాడు బయటి తిండి వద్దంటే అమ్మచేతి వంట మీద ప్రేమ అంటారు. మన పిల్లవాడు వద్దంటే వెనకబాటు అంటారు. తిన్నది ఇద్దరూ ఇంటి తిండే. తీర్పు గిన్నెలో ఉన్నదాన్ని చూసి వస్తే ఇద్దరికీ ఒకే తీర్పు రావాలి. రావడం లేదంటే గిన్నె పట్టుకున్న చేతిని చూసి వస్తోందన్నమాట.

దీనికి గింజల చరిత్రే సాక్ష్యం. కంభం చెరువు కింద వరి పండుతుంది. చెరువు నీళ్ళు అందని మెట్టల్లో జొన్న, సజ్జ, కొర్ర పండేవి. మన పెద్దల్లో కొందరు అవి పండించుకున్నారు. భూమి లేనివాళ్ళు కూలికి పోయి ఆ గింజలే కూలిగా తెచ్చుకున్నారు. వరి బువ్వ పండగ తిండి. నీళ్ళున్న నేల ఎవరిదైతే వాళ్ళు తినేదే గొప్ప తిండి అయింది. 1983లో రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మన ఇళ్ళలో కలిగిన సంతోషాన్ని తక్కువ చేసి మాట్లాడలేం. అది ఆకలి తీర్చింది. పండగ బువ్వను రోజువారీ బువ్వ చేసింది. అయితే దాంతోపాటే, ఇంకా సంగటి తింటున్నారంటే బియ్యానికి కూడా గతిలేనివాళ్ళన్న చూపు కూడా వచ్చింది.

2013 జాతీయ ఆహార భద్రత చట్టం చూడండి. పేదలకు చవగ్గా తిండిగింజలు అందాలనే మంచి ఉద్దేశంతో వచ్చిన చట్టం. అది వచ్చినప్పుడు అందులో కిలో బియ్యం మూడు రూపాయలు, గోధుమలు రెండు రూపాయలు, జొన్న, సజ్జ, రాగి లాంటివి ఒక్క రూపాయి ఉండేవి. వాటికి చట్టం పెట్టిన పేరు ముతక ధాన్యాలు. ముతక గుడ్డ, ముతక మాట, ముతక మనిషి. తెలుగులో ఆ మాట ఎవరి పక్కన చేరుతుందో మనకు తెలుసు.

తర్వాత ఏమైంది? 2018 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆ పేరు తీసేసి వీటిని పోషక ధాన్యాలంది. మన దేశం ప్రతిపాదిస్తే 2021 మార్చిలో ఐక్యరాజ్యసమితి ఒప్పుకుని 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. 2023 బడ్జెట్ ప్రసంగంలో వాటికి "శ్రీ అన్న" అని పేరు పెట్టారు. పట్నాల్లో కొర్రలు, అరికెలు, సామలు సిరిధాన్యాలయ్యాయి. అద్దాల దుకాణాల్లో అందమైన పొట్లాలెక్కాయి. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే పాలిష్ పట్టిన బియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూ ఇటూగా ఉంటుందని ఇప్పుడు అందరూ చెబుతున్నారు. రాగి ఆ కాల్షియాన్ని 2018లో కొత్తగా తెచ్చుకోలేదు. మనల్ని చూసి నవ్విన రోజుల్లోనూ అందులో అంతే ఉంది. గింజ మారలేదు, తినేవాళ్ళు మారారు. అందుకే పేరు మారింది.

మా బళ్ళలోనే దీనికి ఇంకో రుజువుంది. 2023 మార్చి నుంచి మన రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో వారానికి మూడు రోజులు రాగిజావ ఇవ్వడం మొదలుపెట్టారు. పిల్లలు వరసలో నిలబడి గ్లాసు పట్టుకుని తాగారు. ఎవరూ వీపు తిప్పుకోలేదు, ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే అది బడి పోసింది. అదే రాగి ఇంటి నుంచి సంగటి ముద్దై వస్తే మాత్రం మూత కింద దాక్కుంటుంది. జావ పోసినందుకు సంతోషమే. బడి ముద్ర పడితేనే తిండికి మర్యాద అని పిల్లలు నేర్చుకుంటుంటే మాత్రం చూస్తూ ఊరుకోకూడదు.

జొన్నకూ రాగికీ ఈపాటి మర్యాదైనా దక్కింది. అడవి తిండికి అదీ లేదు. ఇప్పపువ్వు, తునికిపండ్లు, మోరిపండ్లు, నేలలోంచి తవ్వితీసే గడ్డలు, పట్టుతో సహా తినే తేనె, రోలు దగ్గరికి చేరే నానారకాల ఆకులు. వీటి పేరు బడిలో ఎక్కడ వినపడుతుంది? సాంఘిక శాస్త్రంలో తొలి మానవుడి పాఠం దగ్గర. "వారు అడవిలో గడ్డలు తవ్వుకుని, పండ్లు ఏరుకుని తినేవారు" అని చెప్పి, ఆ తర్వాత మనిషి నాగరికుడయ్యాడని పాఠం ముగిస్తాం. తరగతిలో మూడో వరసలో కూర్చున్న చెంచు పిల్లవాడి అవ్వ పోయిన నెలలోనే గడ్డలు తవ్వి తెచ్చింది. అవ్వ తొలి మానవుడి పాఠంలో ఉందా, మన కాలంలో ఉందా? వాడు అడగడు. మేం చెప్పం. వాడు సంచిలోంచి బిస్కెట్ తీసుకుని నాగరికుల్లో చేరతాడు.

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు అమ్రాబాద్ గుట్టల మీది చెంచుల మధ్య ఉండి, వాళ్ళు ఏరుకొచ్చే గడ్డలూ పండ్లూ ఎలాంటివో, వాటితో ఎలా బతుకుతారో రాసుకుని 1943లో పుస్తకం అచ్చువేశాడు. ఆయన చూపుతో మనకు పేచీలుండొచ్చు. కానీ దూరదేశం నుంచి వచ్చినవాడు మన తిండి మీద పుస్తకంలో చోటు పెట్టాడు. ఇక్కడే పుట్టి, ఇక్కడే తిని, ఇక్కడే జీతం తీసుకుంటున్న మేం ఒక నోటుబుక్కు కూడా నింపలేదు. మా తరగతి గోడ మీద "మంచి ఆహారం" అని ఒక చార్టు ఉండేది. బజార్లో కొని మేమే అంటించాం. అందులో ఆపిల్, బ్రెడ్డు, జున్ను ముక్క, పాలసీసా, కోడిగుడ్డు, ద్రాక్షగుత్తి ఉన్నాయి. వాటిలో సగం మా పిల్లలు బొమ్మలోనే చూశారు. వాళ్ళు రోజూ తినేది ఒక్కటీ అందులో లేదు. ఆ చార్టు నాలుగేళ్ళు మా నెత్తిమీదే ఉంది. "మంచి" అంటే ఏమిటో ఆ పాప అక్కడే నేర్చుకుంది.

ఇక ప్యాకెట్ సంగతి. ఇంటి తిండే మంచిదని ఇప్పుడు శాస్త్రజ్ఞులూ చెబుతున్నారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన ఆహార సూచనల్లో ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువగా ఉండే ఫ్యాక్టరీ తినుబండారాలు బాగా తగ్గించమంది. 2019లో అమెరికాలో ఒక పరీక్ష చేశారు. ఇరవైమందిని ఆసుపత్రిలో ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీ తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. రెంటిలోనూ చక్కెర, కొవ్వు, ఉప్పు సమానంగా ఉండేట్టు చూసి, ఎంత కావాలంటే అంత తినమన్నారు. ఫ్యాక్టరీ తిండి పెట్టిన రోజుల్లో వాళ్ళు రోజుకు దాదాపు 500 క్యాలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో కిలో దాకా బరువు పెరిగారు. పెద్దవాళ్ళ చేతులే ఆగకపోతే మన పిల్లల చేతులు ఆగుతాయా? ప్యాకెట్ విప్పిన పిల్లవాడిని తిండిపోతని తిట్టడం తప్పని ఈ లెక్క చెబుతోంది.

తల్లుల్ని తిట్టడం ఇంకా తప్పు. ఆ తప్పూ మేం చేశాం. ఒకసారి తల్లిదండ్రుల సమావేశంలో, పిల్లలకు ప్యాకెట్లు కొనిచ్చి పాడుచేస్తున్నారని గట్టిగానే మందలించాం. వెనక కూర్చున్న ఒక తల్లి లేచి, "వండి పంపిస్తే మీ బళ్ళోనే నగుతారు గదా సారూ" అంది. సమావేశం కాసేపు నిశ్శబ్దమైపోయింది. ఆ తల్లి మిరపకోతలకు తెల్లారుజామునే ఆటో ఎక్కుతుంది. సంగటి కెలకాలంటే ఎసురు మరగాలి, పిండి పోయాలి, ఉండకట్టకుండా తెడ్డుతో తిప్పాలి. దాన్ని నంజుకోను ఇంకోటి నూరాలి. ఇంత చేసి పంపినా బిడ్డ తినకుండా డబ్బా వెనక్కి తెస్తే, మర్నాడు ఐదు రూపాయలు చేతిలో పెట్టక ఏం చేస్తుంది? సంగటి తింటే వెనకబడినవాళ్ళని ఒక తీర్పు, ప్యాకెట్ కొంటే తెలివిలేనివాళ్ళని ఇంకో తీర్పు. రెండు తీర్పులూ ఆమె నెత్తినే. అందులో రెండోది చెప్పింది మేమే.

ఇంటి తిండి గొప్పదని చెప్పేటప్పుడు ఇల్లంటే ఎవరి చేతులో కూడా చెప్పాలి. మగపిల్లలు తెడ్డు పట్టకుండా అమ్మ వంటను పొగిడితే ఆ పొగడ్త అమ్మ మీద ఇంకో మోత అవుతుంది. ఇంటి తిండికి గింజలు కావాలి, నేల కావాలి, అడవిలోకి దారి కావాలి. చిన్నతరహా అటవీ ఫలసాయం సేకరించుకుని వాడుకునే హక్కును 2006 అటవీ హక్కుల చట్టం రాసిచ్చింది. ఆ హక్కు కాగితంలో ఉండి కాలికి అడ్డం పడే చోట, ఇంట్లో వండుకోండని ఉపన్యాసం చెప్పడం సులువే. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ అడవి తేనె కొని సీసాల్లో పట్నాలకు చేరుస్తోంది. అమ్ముకుంటే నాలుగు డబ్బులొస్తాయి, అవి కావాలి కూడా. అయితే తేనె మొత్తం సీసాలో ఊరు దాటిపోయి, ఆ డబ్బులతో పిల్లల చేతికి చక్కెర బిస్కెట్లు వస్తే ఆ బేరంలో మనకేం మిగిలిందో ఇంట్లో కూర్చుని లెక్క వేసుకోవాలి.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. సిగ్గుపడొద్దని చెప్పబోయి తిరగేసిన సిగ్గును నేర్పకూడదు. మన యువతలో ఎవరికైనా నూడుల్స్ ఇష్టమైతే తినొచ్చు. గిరిజనుడివై ఉండి ఇదేం తిండని అడిగే హక్కు పట్నంవాళ్ళకూ లేదు, మనకూ లేదు. మనం మ్యూజియంలో బొమ్మలం కాదు. మేం అడిగేది ఒక్కటే. ఇష్టపడి తింటున్నావా, నలుగురూ నవ్వుతారని తింటున్నావా? మొదటిది రుచి. రెండోది భయం. భయంతో తిన్నది ఎంత ఖరీదైనా ఒంటబట్టదు.

మరి ఏం చేయొచ్చు? మేం మొదలుపెట్టినవి నాలుగున్నాయి. పెద్ద పనులేం కావు.

ఒకటి, ఆ చార్టు పీకేశాం. దాని చోట పిల్లలే బొమ్మలు వేసిన అట్ట పెట్టాం. వాళ్ళింట్లో వండేవీ, అడవిలో దొరికేవీ, ఏ కాలంలో దొరుకుతాయో అవ్వతాతల్ని అడిగి రాసుకొచ్చారు. పేర్లు ఇంటి మాటలోనే రాయమన్నాం. సుగాలీ పిల్ల జొన్నరొట్టె బొమ్మ కింద "బాటి" అని రాసింది. తెలుగు మాట రాయమని మేం దిద్దలేదు.

రెండు, తొలి మానవుడి పాఠం చెప్పేటప్పుడు, గడ్డ తవ్వడమంటే తీగను గుర్తుపట్టడం, తినదగినదేదో కానిదేదో తెలియడం, మళ్ళీ మొలవడానికి కొంత వదిలేయడం అని చెబుతున్నాం. అది చదువే. ఆ చదువు తెలిసిన అవ్వను ఒకరోజు బడికి పిలిచి పిల్లల ముందు కుర్చీ వేశాం.

మూడు, బడి ఆవరణలోనూ గేటు నుంచి 50 మీటర్ల లోపలా కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తినుబండారాలు అమ్మకూడదని ఆహార భద్రత ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన చేసింది. దీన్ని బడి కమిటీలో చదివి వినిపించాం. గేటు దగ్గర అంగడి పెట్టుకున్నది ఒక ముసలామె. ఆమె పొట్ట కొట్టే పని కాకూడదు. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు, జామకాయలు, బొరుగులు పెట్టుకోమని అడిగాం. కొన్ని పెట్టింది. ప్యాకెట్ల దండలు ఇంకా కొన్ని వేలాడుతూనే ఉన్నాయి. మాటలు నడుస్తున్నాయి.

నాలుగోది మాకు కష్టమైంది. మా డబ్బా మూత మేం పూర్తిగా తీయడం. స్టాఫ్‌రూములో "ఈరోజు కూడా సంగటేనా?" అని ఎవరో అంటే ఏదో సర్దిచెప్పి నవ్వేసే అలవాటు మాది. ఇప్పుడు "అవును, కావాలా?" అంటున్నాం. అడిగి తీసుకుని తిన్నవాళ్ళున్నారు. తల తిప్పుకున్నవాళ్ళూ ఉన్నారు.

ఈ ఏడాది మళ్ళీ చెరువు కట్టకు పోయాం. ముందురోజు "మంచి తిండి" అన్న మాట అనలేదు. "మీ ఇంట్లో ఏం వండితే అది తెచ్చుకోండి" అన్నాం. చెప్పినంత మాత్రాన అంతా మారిపోలేదు. ప్యాకెట్లు ఈసారీ వచ్చాయి. డబ్బాలు నిరుటికంటే కాస్త ఎక్కువొచ్చాయి. అందరికంటే ముందు మేం మధ్యలో కూర్చుని మూతలు తీసి పక్కన పెట్టాం. రాగి సంగటి, పచ్చిమిరపకాయల పప్పు. ఆ పాప ఇప్పుడు మా బళ్ళో లేదు, ఆరో తరగతికి వేరే బడికి పోయింది. ఆమెకు మేం ఇవ్వాల్సింది ఇవ్వలేకపోయాం. ఆమె నోటుబుక్కులో మేం పెట్టిన టిక్కు అలాగే ఉండి ఉంటుంది.

నాలుగో తరగతి పిల్లవాడొకడు మా దగ్గరికొచ్చి, డబ్బాలోకి తొంగిచూసి, నమ్మలేనట్టు అడిగాడు. "టీచర్, మీరు గూడా ఇదే తింటారా?"

ఆ ప్రశ్న వాడు ఇప్పుడు అడిగాడంటే, ఇన్నేళ్ళూ మేం వాడి ముందు ఏమీ తిననట్టే లెక్క.